బాపు బ్రష్, నా మెమ్‌సెట్

పోయిన యాసంగిలో మూడు వారాల పాటు ఒకే ఒక్క ఫంక్షన్ పట్టుకుని కూర్చున్నాను. మెమ్‌సెట్. సీ నేర్చుకున్న వాళ్లందరికీ తెలిసిందే, ఒక అడ్రసు, ఒక బైటు విలువ, ఒక లెక్క ఇస్తే ఆ అడ్రసు నుంచి అన్ని బైట్లనూ ఆ విలువతో నింపి పెడుతుంది. లైబ్రరీలో ముందే ఉంటుంది, బాగా తెలిసినవాళ్లు ఏళ్ల తరబడి సానబెట్టి పెట్టారు, దాన్ని మళ్లీ అసెంబ్లీలో, అంటే ప్రాసెసర్ సొంత ఇన్‌స్ట్రక్షన్లలో, రాసుకోవడం ఎందుకన్నా అని మా తమ్ముడు అడిగాడు. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

ఎనుమాముల మార్కెట్‌కు దగ్గర్లో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. మిర్చి సీజన్‌లో అక్కడికి వచ్చే బస్తాలను కెమెరాతో లెక్కపెట్టే ప్రోగ్రాం నేను రాసిచ్చాను. నాలుగు కెమెరాలు, సెకనుకు 25 ఫ్రేములు. మెషిన్ మాత్రం పాతది, ఇంటెల్ కోర్ ఐ5 6500, 2015లో వచ్చిన చిప్, అందులో డీడీఆర్4 2133 ర్యామ్ స్టిక్ ఒక్కటే. మామూలు రోజుల్లో బాగానే నడిచేది. ట్రాక్టర్లు, డీసీఎంలు గేటు బయట వరుస కట్టిన రోజు మాత్రం ఫ్రేములు జారిపోయేవి, ఫ్రేము జారితే బస్తా జారినట్టే, రైతు చెప్పే లెక్కకూ హమాలీల లెక్కకూ నా స్క్రీన్ మీది లెక్కకూ పొంతన కుదరదు. నాకు అదే టెన్షన్. ఏ ఫంక్షన్ ఎంత టైము తింటోందో చూపించే పెర్ఫ్ పెట్టి చూస్తే పైవరుసలో రెండు పేర్లు కనిపించాయి. ఒకటి గ్లిబ్‌సీ లైబ్రరీలోని మెమ్‌సెట్, పేరు చివర ఏవీఎక్స్2 అనీ ఈఆర్‌ఎంఎస్ అనీ తోకలున్నది (ఏవీఎక్స్2 అంటే 32 బైట్లు ఒకేసారి పట్టే ఇన్‌స్ట్రక్షన్లు, ఈఆర్‌ఎంఎస్ సంగతి తర్వాత చెబుతాను). రెండోది లైనక్స్ కెర్నెల్ లోపలి క్లియర్ పేజ్, మెమరీ పేజీని సున్నాలతో నింపే ఫంక్షన్, దానికీ అదే ఈఆర్‌ఎంఎస్ తోక. అంటే నా ప్రోగ్రాం బస్తాలు లెక్కపెట్టడం కంటే ఖాళీ జాగను సున్నాలతో నింపడానికే ఎక్కువ కష్టపడుతోంది.

ఇంజినీరింగ్ రెండో ఏడో మూడో ఏడో మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో 8085 కిట్ మీద ఇదే ప్రోగ్రాం చేశాం, మీలో చాలామంది చేసే ఉంటారు. హెచ్‌ఎల్ జంటలో అడ్రసు, ఏ రిజిస్టర్‌లో విలువ, సీ రిజిస్టర్‌లో లెక్క. లూప్‌లో నాలుగే ఇన్‌స్ట్రక్షన్లు: మూవ్ ఎం కామా ఏ 7 టీ-స్టేట్లు (క్లాక్ టిక్కులు), ఐఎన్‌ఎక్స్ హెచ్ 6, డీసీఆర్ సీ 4, జేఎన్‌జెడ్ వెనక్కి దూకితే 10. మొత్తం బైటుకు 27. కిట్ మీది క్రిస్టల్ 6.144 మెగాహెర్ట్జ్, లోపలి క్లాక్ అందులో సగం, కాబట్టి ఒక బైటుకు 9 మైక్రోసెకన్లకు కొంచెం తక్కువ. పెన్సిల్‌తో లెక్కగడితే వచ్చిన జవాబే ఆసిల్లోస్కోప్ మీద కనిపించేది, ఆ ముచ్చట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇప్పటి ప్రాసెసర్‌లో ఆ సుఖం లేదు. అదే ఇన్‌స్ట్రక్షన్ ఒకసారి ఒక్క సైకిల్‌లో అయిపోయినట్టు ఉంటుంది, ఇంకోసారి దాని వెనక వందల సైకిళ్లు ఆగాల్సి వస్తుంది, అది ఇన్‌స్ట్రక్షన్ గుణం కాదు, అది రాయబోయే జాగ ఆ క్షణాన ఎక్కడుందన్న దాని మీద ఆధారపడిన సంగతి.

అసెంబ్లీ ముట్టుకునే ముందు నేను చేసిన ఒక పని మాత్రం సరైనది. లైబ్రరీ ఫంక్షన్ కంటే ముందు మన ఫంక్షన్‌ను నిలబెట్టే ఎల్‌డీ ప్రీలోడ్‌తో మెమ్‌సెట్‌కు ముందు ఒక చిన్న పొర తగిలించి, ఏ పిలుపు ఎన్ని బైట్లకు వస్తోందో రెండు గంటల పాటు ఫైల్‌లో రాయించాను. చూస్తే చిత్రం రెండుగా చీలిపోయింది. పిలుపుల సంఖ్య చూస్తే దాదాపు అన్నీ వంద బైట్ల లోపువే, బస్తా వెంబడి నడిచే ట్రాకర్ స్ట్రక్చర్లు, చిన్న చిన్న పట్టికలు. బైట్ల మొత్తం చూస్తే దాదాపు అంతా ఫ్రేములదే. ఒక పూర్తి ఫ్రేము 1920 ఇంటు 1080 పిక్సెళ్లు, పిక్సెల్‌కు నాలుగు బైట్లు, అంటే 82,94,400 బైట్లు. నడిమి సైజులు చాలా తక్కువ. ఈ రెండు గుంపులకూ పేరు ఒకటే అయినా రోగం ఒకటి కాదు, మందు అసలే ఒకటి కాదు. మూడు వారాల్లో నాకు దొరికిన అసలు విషయం ఇదే, మిగతాదంతా దీని వివరమే.

ముందు చిన్నవాటి సంగతి.

పుస్తకం పద్ధతిలో రాస్తే 23 బైట్లు నింపడానికి ముందు ఒక 16, తర్వాత 4, తర్వాత 2, తర్వాత 1 అని మెట్లు దిగుతాం. ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న, ప్రతి ప్రశ్నకూ ఒక బ్రాంచ్, అంటే జవాబును బట్టి కోడ్ ఎటో ఒక వైపు పోవడం. నేనూ మొదట అలాగే రాశాను, లైబ్రరీ కంటే నెమ్మదిగా వచ్చింది. ఆ వారమే మా ఇంట్లో ముందు గది గోడలకు రంగు వేస్తున్నాం. మా బాపు ముప్పై ఏళ్లు హన్మకొండ, కాజీపేట ఇళ్లకు సున్నాలు వేసిన మనిషి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, కుర్చీలో కూర్చుని నాతో వేయిస్తున్నాడు. ఆరంగుళాల బ్రష్‌తో పట్టీలు పట్టీలుగా వేసుకుంటూ పోయి గోడ చివరకొచ్చాను, నాలుగు వేళ్ల వెడల్పు మిగిలింది. చిన్న బ్రష్ కోసం డబ్బా దగ్గరకు పోతుంటే ఆపాడు.

"గంత జాగకు మళ్ల చిన్న బ్రష్ తీసుడేందిరా. మూలకు ఆనిచ్చి అదే బ్రష్ గుంజు. వేసిన దాని మీద ఇంకోపాలి పడితే పడనియ్, ఏం గాదు."

నేను బ్రష్ పట్టుకుని అట్లనే నిలబడిపోయాను. ఎందుకంటే గ్లిబ్‌సీ సోర్సులో ముందురోజు రాత్రి చదివి సరిగా అర్థం చేసుకోని తంతు అదే. 16 నుంచి 32 బైట్ల వరకు ఏ సైజైనా సరే రెండే రెండు స్టోర్లు, అంటే మెమరీలోకి రాతలు: 16 బైట్ల పట్టీ ఒకటి మొదటి నుంచి, ఇంకొకటి చివరకు ఆనించి వెనక్కి 16 బైట్లు. 23 అయితే నడుమ తొమ్మిది బైట్ల మీద రెండుసార్లు పడుతుంది, పడనివ్వండి, విలువ ఒకటే కదా. 33 నుంచి 64 దాకా నాలుగు స్టోర్లు, మొదటి నుంచి రెండు, చివర నుంచి రెండు. కిందికి కూడా ఇదే: 8 నుంచి 15కు ఎనిమిది బైట్లవి రెండు, 4 నుంచి 7కు నాలుగు బైట్లవి రెండు, 2, 3లకు రెండు బైట్లవి రెండు. సైజు లోపల ఎంతన్న ప్రశ్నే ఉండదు, ఏ గుంపులో ఉందన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది.

ఇందులో లాభం ఎక్కడుందో లెక్క చూస్తే తెలుస్తుంది. స్కైలేక్ తరం చిప్ (మా ఐ5 6500 ఆ తరందే) ఒక సైకిల్‌కు ఒక స్టోర్ చేయగలదు, ఆ స్టోర్ 32 బైట్ల వెడల్పు దాకా ఉండొచ్చు. బ్రాంచ్ ఎటు పోతుందో ముందుగా చేసిన ఊహ తప్పితే సుమారు 15 నుంచి 20 సైకిళ్లు పోతాయి. 16 అనుకున్నా ఆ సమయంలో ఎల్1 క్యాష్‌లో, అంటే కోర్ పక్కనే ఉండే చిన్న వేగమైన మెమరీలో, 512 బైట్లు నింపేయొచ్చు. 23 బైట్ల పనికి ఒక్క ఊహ తప్పిందంటే 512 బైట్ల కూలి కట్టినట్టు. కాబట్టి వంద బైట్ల లోపు అదనపు స్టోరు ఒకటి పడ్డా ఫరవాలేదు, అదనపు ప్రశ్న ఒకటి పడకూడదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. నింపిన వెంటనే అదే జాగను చదివితే, ఆ చదువు రెండు స్టోర్ల సరిహద్దు మీదుగా పడితే, స్టోర్ బఫర్ నుంచి నేరుగా విలువ అందదు, రాసింది క్యాష్‌లోకి చేరేదాకా ఆగాలి, పది పన్నెండు సైకిళ్లు పోతాయి. నా ట్రాకర్‌లో ఒకచోట సరిగ్గా ఇదే జరిగింది, స్ట్రక్చర్‌లో ఫీల్డుల వరుస మార్చితే పోయింది.

ఒక బైటును వెడల్పు చేయడం కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఎనిమిది బైట్ల దాకా అయితే ఆ బైటును, హెక్స్‌లో 01 ఎనిమిది సార్లు వచ్చే సంఖ్యతో గుణిస్తే చాలు, ఎనిమిది చోట్లా అదే బైటు వస్తుంది. 16, 32 బైట్లకు ఏవీఎక్స్2 ఉన్న చిప్‌లో వీపీబ్రాడ్‌కాస్ట్‌బీ ఒక్క ఇన్‌స్ట్రక్షన్. 32 బైట్ల వైఎంఎం రిజిస్టర్లు ముట్టుకుంటే బయటికి వచ్చే ముందు వాటి పై సగాన్ని సున్నా చేసే వీజీరోఅప్పర్ మరచిపోవద్దు. అది లేకపోతే మీ ఫంక్షన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, దాని తర్వాత నడిచే పాత ఎస్‌ఎస్‌ఈ కోడ్ నెమ్మదిస్తుంది, తప్పు ఎక్కడుందో దొరకదు. నాకు ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది.

నడిమి సైజులకు, అంటే కొన్ని వందల బైట్ల నుంచి ఎల్1 పట్టేంత దాకా, లూప్ కావాలి. ఈ చిప్‌లో ఎల్1 డేటా క్యాష్ 32 కేబీ. మొదటి స్టోర్‌ను అడ్రసు ఎట్లా ఉంటే అట్లా వేసేసి, తర్వాత అడ్రసును 32 గుణిజానికి సర్దుకుని, అక్కడి నుంచి సర్దిన స్టోర్లతో లూప్ నడిపి, చివర్లో మళ్లీ బాపు పద్ధతే, మూలకు ఆనించి గుంజడం. అడ్రసు సర్దుకోవడం ఎందుకంటే క్యాష్ లైన్, అంటే క్యాష్ ఒకేసారి తెచ్చుకునే ముక్క, 64 బైట్లు, సర్దని 32 బైట్ల స్టోర్లలో ప్రతి రెండోది రెండు లైన్ల మీద పడుతుంది, దానికి రెట్టింపు పని. లూప్‌ను పదహారు రెట్లు విప్పి రాస్తే వేగం వస్తుందని నేను నమ్మాను, రాలేదు. సైకిల్‌కు ఒక స్టోర్ అన్నది గట్టి పరిమితి, మిగిలిన జాగలో కూడికా పోలికా ఎలాగూ ఇమిడిపోతాయి, కాబట్టి నాలుగు స్టోర్లకు మించి విప్పితే కోడ్ లావవుతుంది తప్ప ఒక్క సైకిల్ మిగలదు.

ఇక రెప్ స్టాస్‌బీ. 1978 నాటి 8086లోనే ఉన్న ఇన్‌స్ట్రక్షన్, ఆర్‌డీఐలో అడ్రసు, ఏఎల్‌లో విలువ, ఆర్‌సీఎక్స్‌లో లెక్క పెట్టి ఒక్క మాట అంటే మొత్తం పని ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్ చూసుకుంటుంది. చాలా ఏళ్లు బైటు బైటుకూ నడిచే ఈ రూపాన్ని నెమ్మది అని పక్కన పెట్టారు. 2012లో ఐవీ బ్రిడ్జ్‌తో ఇంటెల్ దాన్ని బాగుచేసింది, ఆ సౌకర్యం పేరే ఈఆర్‌ఎంఎస్, సీపీయూఐడీ ఏడో లీఫ్‌లో ఈబీఎక్స్ తొమ్మిదో బిట్ చూస్తే చిప్‌లో ఉందో లేదో తెలుస్తుంది. అయితే మొదలుపెట్టడానికే కొన్ని పదుల సైకిళ్లు తీసుకుంటుంది. రెండు బస్తాలకు డీసీఎం ఎవరూ మాట్లాడుకోరు, ఆటోలో వేసుకుని పోతారు, రెండు వందల బస్తాలుంటే ఆటోల గురించి ఆలోచించరు. గ్లిబ్‌సీలో ఆ గీత డిఫాల్ట్‌గా 2048 బైట్ల దగ్గర గీశారు, అది దాటితే రెప్ స్టాస్‌బీ. నా మెషిన్ మీద ఆ గీత దాదాపు సరైన చోటే ఉంది. కొత్త చిప్‌లలో చిన్న సైజులకు కూడా ఈ ఇన్‌స్ట్రక్షన్‌ను వేగంగా చేసే ఇంకో బిట్ వచ్చింది, అది ఉన్నచోట ఈ గీత కిందికి జరుగుతుంది. అందుకే ఎవరో ఎప్పుడో రాసిన అంకెను కాపీ చేసుకోవద్దు.

పెద్ద ఫ్రేముల దగ్గర నా ఏవీఎక్స్2 లూప్ లైబ్రరీకి ఓడిపోయింది. నాకు నిజంగా బాధేసింది, అసెంబ్లీ లిస్టింగ్ చూస్తే ఎక్కడా వంక పెట్టడానికి లేదు. కారణం ఇన్‌స్ట్రక్షన్లలో లేదు, క్యాష్ నియమంలో ఉంది. ఒక కోర్ ఏదైనా లైన్‌లో రాయాలంటే ముందు ఆ లైన్‌ను తన సొంతం చేసుకోవాలి, మామూలు స్టోర్ వేసినప్పుడు అది మిగతా బైట్లు ఏమవుతాయో తెలియక మొత్తం 64 బైట్లనూ ర్యామ్ నుంచి చదివి తెచ్చుకుంటుంది. మనం ఎలాగూ ఆ 64 బైట్లనూ కొట్టేసి కొత్తవి రాస్తాం, అయినా పాతవి తెచ్చుకుంటుంది. దీన్ని రీడ్ ఫర్ ఓనర్‌షిప్ అంటారు. తర్వాత ఎప్పుడో ఆ లైన్ తిరిగి ర్యామ్‌కు వెళ్తుంది. అంటే ఒక బైటు నింపడానికి ర్యామ్ దారిలో రెండు బైట్ల ప్రయాణం. మా కోల్డ్ స్టోరేజీ మెషిన్‌లో ఒకే స్టిక్, 2133 ఇంటు 8 బైట్లు, కాగితం మీద సెకనుకు సుమారు 17 జీబీ. పాతది చదవడానికి సగం పోతే మిగిలేది 8.5. ఒక ఫ్రేముకు దాదాపు ఒక మిల్లీసెకను. చదవకుండా రాయగలిగితే అర మిల్లీసెకను. ఈ లెక్కలో నా లూప్ ఎంత అందంగా ఉందన్న దానికి చోటే లేదు.

రెప్ స్టాస్‌బీకి ముందే లెక్క తెలుసు కాబట్టి, మొత్తం లైన్ నిండబోతోందని తెలిసిన చోట పాతది చదవకుండానే లైన్‌ను సొంతం చేసుకునే దారి దానికి ఉంది. లైబ్రరీ గెలిచింది అక్కడే. రెండో దారి నాన్ టెంపొరల్ స్టోర్లు, వీమూవ్‌ఎన్‌టీడీక్యూ లాంటివి, ఇవి క్యాష్‌ను పక్కనబెట్టి రైట్ కంబైనింగ్ బఫర్లలో 64 బైట్లు నిండగానే నేరుగా ర్యామ్‌కు పంపుతాయి. వీటితో రెండు షరతులు. లైన్ మొత్తం వరుసగా నింపాలి, సగంలో వదిలేస్తే ముక్కలు ముక్కలుగా పోయి ఇంకా నెమ్మది. పని అయ్యాక ఎస్‌ఫెన్స్ వేయాలి, లేకపోతే ఇంకో కోర్‌కు ఈ రాతలు వరుస తప్పి కనిపించే ప్రమాదం ఉంది.

వీటిని చూసి ఉత్సాహం ఆగక అన్ని పెద్ద బఫర్లకూ పెట్టేశాను. మెమ్‌సెట్ టైము బాగా తగ్గింది, మొత్తం ప్రోగ్రాం టైము పెరిగింది. కారణం మాస్క్, అంటే పిక్సెల్ పిక్సెల్‌కూ ఒక గుర్తు పెట్టుకునే పట్టిక. పిక్సెల్‌కు ఒక బైటు, 20,73,600 బైట్లు, ఈ చిప్‌లోని పెద్ద క్యాష్ ఎల్3, అది 6 ఎంబీ, అందులో చక్కగా పట్టే సైజు. నేను దాన్ని నింపిన వెంటనే తర్వాతి దశ దాన్ని చదువుతుంది. మామూలుగా నింపితే ఎల్3లో వేడిగా దొరికేది, నేను ర్యామ్‌కు తోసేసి దాన్ని మళ్లీ అక్కడి నుంచి తెప్పిస్తున్నాను. ఈ ఖర్చు మెమ్‌సెట్ పేరు మీద ఎక్కడా కనిపించదు, పక్కవాడి ఖాతాలో పడుతుంది. మెమ్‌సెట్‌ను ఒంటరిగా కొలిచే బెంచ్‌మార్క్‌లను నేను నమ్మడం మానేసింది ఆ రోజే. మాస్క్‌కు మామూలు దారి, డిస్‌ప్లే ఫ్రేముకు మాత్రం నాన్ టెంపొరల్ ఉంచాను, ఎందుకంటే 8 ఎంబీ ఎలాగూ ఎల్3లో పట్టదు.

కొలతల గురించి ఇంకో రెండు మాటలు. మొదట నేను ఒకే సైజును పది లక్షల సార్లు పిలిచి సగటు తీశాను, అన్నీ అద్భుతంగా కనిపించాయి, ఎందుకంటే నాలుగైదు పిలుపుల్లో బ్రాంచ్ ప్రెడిక్టర్‌కు అంతా బట్టీ వచ్చేస్తుంది, ఇక ఊహ తప్పడం ఉండదు. తర్వాత ఆ రెండు గంటల లాగ్‌లోని సైజులనే అదే వరుసలో పిలిపించాను, అప్పుడు నా మెట్ల పద్ధతి ఎంత దారుణమో, బ్రష్ పద్ధతి ఎంత మేలో బయటపడింది. ఇంకోటి, టైమ్‌స్టాంప్ కౌంటర్ స్థిరమైన వేగంతో తిరుగుతుంది, కోర్ వేగం మాత్రం టర్బోలో మారుతూ ఉంటుంది, సైకిళ్లు కావాలంటే పెర్ఫ్ కౌంటర్ చూడాలి.

ఇప్పుడు ఆ రెండో పేరు, కెర్నెల్‌లోని క్లియర్ పేజ్. అది చూసి చాలా రోజులు నాకేమీ తట్టలేదు, కెర్నెల్ పని కెర్నెల్‌ది అనుకున్నాను. అసలు తప్పు నాదే. ప్రతి ఫ్రేముకూ ఎంమ్యాప్‌తో, అంటే కెర్నెల్‌ను మెమరీ అడిగే పిలుపుతో, కొత్త జాగ తీసుకుని, పని కాగానే వదిలేస్తున్నాను. 82,94,400ను పేజీ సైజు 4096తో భాగించండి, శేషం లేకుండా 2025 వస్తుంది. అంటే ప్రతి కొత్త ఫ్రేములో మొదటిసారి వేలు పెట్టినప్పుడు 2025 పేజ్ ఫాల్ట్‌లు, ఒక్కొక్క దానికీ కెర్నెల్‌లోకి పోయి రావడం, అక్కడ కెర్నెల్ ఆ పేజీని ముందే సున్నాలతో నింపి ఇవ్వడం, ఎందుకంటే ఒకరి పాత డేటా ఇంకొకరికి కనిపించకూడదు. అలా సున్నాలు వేసి ఇచ్చిన జాగకు నేను మళ్లీ మెమ్‌సెట్‌తో సున్నాలు వేస్తున్నాను. బాపు వింటే ఆరిన గోడకు అదే సున్నం మళ్లీ ఎందుకని అడుగుతాడు. ఫ్రేములను ప్రోగ్రాం మొదలైనప్పుడే తీసుకుని తిప్పి తిప్పి వాడుకోవడం మొదలుపెట్టాక ఆ పేరు పెర్ఫ్ లిస్టులో వెతికినా కనబడలేదు. మూడు రకాల ఫ్రేముల్లో రెండింటిని అసలు నింపనక్కర్లేదని కూడా అప్పుడే చూశాను, కెమెరా డేటా ప్రతి పిక్సెల్ మీదా ఎలాగూ పడుతోంది. జారే ఫ్రేములు ఆగిపోయింది ప్రధానంగా ఈ రెండు మార్పులతోనే, నా అసెంబ్లీతో కాదు. దాని వల్ల వచ్చింది చిన్న సైజుల దగ్గర, ట్రాకర్‌లో, అదీ చెప్పుకోదగ్గదే.

ఇదే పని చేయబోయేవాళ్లకు ఒక హెచ్చరిక. పోల్చి చూడటానికి మెమ్‌సెట్ అనే పేరుతోనే సీలో మామూలు లూప్ ఒకటి రాశాను. ఆప్టిమైజేషన్ పెంచి కంపైల్ చేస్తే జీసీసీ కంపైలర్ ఆ లూప్‌ను గుర్తుపట్టి, ఇది మెమ్‌సెట్ చేసే పనే కదా అని లూప్ తీసేసి మెమ్‌సెట్‌కు పిలుపు పెట్టింది. అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకుంటోంది, స్టాక్ నిండి ప్రోగ్రాం పడిపోయింది. ట్రీ లూప్ డిస్ట్రిబ్యూట్ ప్యాటర్న్స్ అనే సౌకర్యాన్ని ఆ ఫైల్ వరకు ఆపేయాలి. దీనికి తిరగేసిన సంగతి ఇంకోటి ఉంది, పాస్‌వర్డ్ ఉన్న బఫర్‌ను ఫంక్షన్ చివర్లో మెమ్‌సెట్‌తో తుడిస్తే, తర్వాత దాన్ని ఎవరూ చదవడం లేదు కదా అని కంపైలర్ ఆ తుడవడాన్నే తీసేయొచ్చు. అక్కడ ఎక్స్‌ప్లిసిట్ బీజీరో వాడండి. వేగం కోసం వెతికేవాళ్లు ఈ ఒక్కచోట వేగం చూడకూడదు.

లోపల షెడ్డులో ఉన్న కెమెరాకు రాస్‌ప్‌బెర్రీ పై 4 పెట్టే ఆలోచన ఉంది, అందులో కార్టెక్స్ ఏ72 కోర్లు. అక్కడ కథ వేరు. ఆర్మ్ 64లో డీసీ జెడ్‌వీఏ అని ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది, ఒక దెబ్బకు ఒక బ్లాక్ మొత్తాన్ని సున్నా చేస్తుంది, ఏ72లో ఆ బ్లాక్ 64 బైట్లు, పాత విలువలు చదవాల్సిన పని ఉండదు. సున్నాకు తప్ప వేరే విలువకు పనికిరాదు, బ్లాక్ సైజు ఎంతో, అసలు వాడనిస్తారో లేదో డీసీజెడ్‌ఐడీ రిజిస్టర్ చదివి తెలుసుకోవాలి. మిగతా విలువలకు ఎస్‌టీపీతో రెండు 16 బైట్ల రిజిస్టర్లను జంటగా రాయడమే, ఒక స్టోర్‌కు 32 బైట్లు. చిన్న సైజులకు మాత్రం అక్కడా అదే బ్రష్, రెండు కొసల నుంచి రెండు పట్టీలు, మార్చాల్సింది ఏమీ కనబడలేదు.

కోల్డ్ స్టోరేజీలో కొత్త వెర్షన్ ఎక్కించిన రోజు సాయంత్రం దాకా గేటు దగ్గరే కూర్చున్నాను. చీకటి పడేదాకా బండ్లు వస్తూనే ఉన్నాయి, నాలుగు కెమెరాల్లో ఎక్కడా ఫ్రేము జారలేదు, గుమస్తా చిట్టీలో రాసుకున్న బస్తాల సంఖ్యా స్క్రీన్ మీది సంఖ్యా ఒకటే. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను, నీ మూలకు ఆనిచ్చి గుంజుడు అక్కడ పనికొచ్చింది బాపూ అని. ఏ గోడకురా అని అడిగాడు. ల్యాప్‌టాప్ తెరిచి, కాగితం మీద 23 గళ్లు గీసి, రెండు పట్టీలు ఎక్కడ పడతాయో చూపించాను. చాలాసేపు చూసి, నడుమ రెండుసార్లు పడ్డ తొమ్మిది గళ్ల మీద వేలు పెట్టి, "గీడ రంగు జర చిక్కగ కనవడదా మరి?" అన్నాడు.